ఏడో వెర్షన్‌కు సీనియారిటీ జాబితా

చెప్పకుండా చేసేసి ఉంటే ఈ కథే లేదు. చెల్లుబోయిన హిమజ మర్యాదకు పోయి పై అధికారికి చెప్పింది. ప్రభుత్వ సంస్థలో కొత్తగా చేరినవాళ్లు చేసే పొరపాట్లలో మర్యాదను మించింది లేదు.

రాజమండ్రిలో గోదావరి గట్టుకు దగ్గరగా రాష్ట్ర తాటి ఉత్పత్తుల అభివృద్ధి సంస్థ ప్రధాన కార్యాలయం ఉంది. ఊళ్లో రిక్షావాడి దగ్గర్నుంచి రిజిస్ట్రారు దాకా దాన్ని తాటాఫీసు అంటారు. అందులో హిమజ సిస్టమ్స్ అధికారి. వాళ్ల తాత తాడిచెట్లెక్కి కల్లు గీశాడు. మనవరాలు అయిదేళ్ల పాటు పరీక్షల మీద పరీక్షలు రాసి, ఆ తాటి పేరుతోనే ఉన్న ఆఫీసులో కుర్చీ ఎక్కింది. ఎక్కడమైతే ఎక్కింది కానీ కుర్చీ ఇంకా ఆమెది కాలేదు. ప్రొబేషన్ మీద ఉంది. ప్రొబేషన్ అంటే అత్తారింట్లో మొదటి ఏడాది లాంటిది. గిన్నె జారినా, గొంతు పెరిగినా అందరూ అటే చూస్తారు.

ఆ సమయంలో రాజధానిలోని పై శాఖ నుంచి ఒక ఉత్తర్వు దిగింది. దొంగలు కంప్యూటర్లలోకి దూరి, ఫైళ్లకు తాళాలేసి, తాళంచెవికి బేరాలు పెడుతున్న రోజులివి. కాబట్టి సంస్థలోని ప్రతి కంప్యూటరునూ మార్చి నెలాఖరులోగా ఆరో వెర్షన్ నుంచి ఏడో వెర్షన్‌కు మార్చాలి. ఒక్కటి మిగిలిపోయినా సిస్టమ్స్ అధికారి ప్రొబేషన్ రద్దయి, ఉద్యోగం పోతుంది. ఇదీ సారాంశం.

హిమజకు భయం వేయలేదు సరికదా, ప్రాణం లేచొచ్చింది. ఆరో వెర్షన్ నిండా కన్నాలున్నాయని దాన్ని తయారుచేసినవాళ్లే ఒప్పుకుని, అన్నీ పూడ్చి ఏడోది పంపారు. ఆమె గదిలో ఒక్క మీట నొక్కితే ఆఫీసు మొత్తం మారిపోతుంది. మధ్యాహ్నం జనం భోజనాలకు లేచి, చేతులు కడుక్కుని వచ్చేలోగా పని అయిపోతుంది. రేపు నొక్కుదామనుకుని, ఒక మాట చెవిన వేద్దామని పాలనా విభాగం జనరల్ మేనేజరు ముక్కామల దక్షిణామూర్తి గారి గదిలోకి వెళ్లింది.

దక్షిణామూర్తి గారికి సర్వీసు నిబంధనలు కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా, ఏ నిబంధనలో ఏ ఉపనిబంధన కింద నిద్ర లేపకూడదో చెప్పగలరు. ఆయన అంతా విని, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏ వరసలో చేస్తావమ్మా?"

"వరసేం లేదు సార్. అన్నీ ఒకేసారి."

"ఒకేసారి అంటే సెకనులో భాగం కూడా తేడా లేకుండానా?"

"అంటే... ఒకటి ముందు, ఒకటి వెనక అవుతాయనుకోండి. మెషీన్లు కదా సార్."

"అదే నేననేది." దక్షిణామూర్తి గారి ముఖంలో ఒక విధమైన దివ్యకాంతి కనిపించింది. "ఏడు పెద్దదా, ఆరు పెద్దదా? టపా గుమాస్తాకు ఏడు వచ్చి, ఎండీ గారింకా ఆరులోనే ఉన్న ఆ కొద్ది నిమిషాల్లో సంస్థకు అధిపతి ఎవరు? అన్నివిధాలా పరిశీలించిన మీదట నా అభిప్రాయం ఏమిటంటే, కింది ఉద్యోగి కంప్యూటరు ఏ క్షణంలోనూ పై అధికారి కంప్యూటరు కన్నా కొత్తదై ఉండరాదు."

మర్నాడు అదే ముక్క ఉత్తర్వుగా వచ్చింది. దాంతోపాటు, కంప్యూటర్లకు సీనియారిటీ జాబితా తయారుచేయడానికి ఒక కమిటీ పడింది. హిమజ ఆ కమిటీకి కన్వీనరు. కన్వీనరంటే కుర్చీలు వేయించి, మాట్లాడకుండా కూర్చునే మనిషి.

ముసాయిదా జాబితా నోటీసు బోర్డెక్కిందో లేదో, ఆఫీసులో తిరునాళ్ల సందడి మొదలైంది. ఫైళ్ల దుమ్ము దులపనివాళ్లు కూడా కంప్యూటరు దుమ్ము దులిపి, ప్రేమగా నిమిరి, నీ వరసెంతే అని అడగసాగారు. ఒకేరోజు ఉద్యోగంలో చేరిన ఇద్దరు అకౌంటెంట్లు ఎవరు ముందు సంతకం పెట్టారో తేల్చుకోవడానికి పెన్ను అరువిచ్చిన మనిషిని సాక్ష్యానికి పిలిపించారు. ఉద్యోగుల సంఘం నాయకుడు గుత్తుల ఏసుపాదం కమిటీ గదిలోకి తలుపు తోసుకుని వచ్చాడు.

"ఆయ్, ఇది అన్యాయమండి! మా మెంబరుది ఇరవయ్యేళ్ల సర్వీసండి. ఆయన కంప్యూటరు ఎనకాలుండిపోయి, నిన్నగాక మొన్నొచ్చిన కుర్రోడి కంప్యూటరు ముందుకెళ్లిపోతే, సాయంత్రం ఇంటికెళ్లి పెళ్లాం ముందు తలెత్తుకోగలడాండి?"

"తగిన సమయంలో తగిన నిర్ణయం తీసుకోబడును," అన్నారు దక్షిణామూర్తి గారు.

తరవాత సస్పెన్షన్‌లో ఉన్న గోదాము సూపర్‌వైజరు సంగతి వచ్చింది. సస్పెన్షన్‌లో సగం జీతం ఇస్తారు కనుక, అతని కంప్యూటరుకు సగం అప్‌డేటే చెల్లుతుందని కమిటీ తేల్చింది.

"సగంలో ఆపితే కంప్యూటరు తెరుచుకోదు సార్," అంది హిమజ, ఉండబట్టలేక.

"సస్పెన్షనంటే అదే కదమ్మా," అన్నారు ఆయన.

వారాలు దొర్లాయి. జాబితా మీద అభ్యంతరాలు, అభ్యంతరాల మీద ప్రత్యభ్యంతరాలు. హిమజ గది గోడ మీద క్యాలెండరులో మార్చి నెల అరిగిపోతోంది. ఈలోగా పెద్ద ఘోరం జరిగింది.

టపా విభాగంలో సత్యవేణి అనే గుమాస్తా ఉంది. ఒక మధ్యాహ్నం ఆమె క్యారియర్ విప్పుకుని అన్నం తింటూండగా, ఆమె కంప్యూటరు ఎవరూ చెప్పకుండా, ఎవరినీ అడక్కుండా, తనంతట తానే ఏడో వెర్షన్‌కు మారిపోయింది. కొన్ని కంప్యూటర్లకు ఆ బుద్ధి ఉంటుంది. పక్క బల్లవాడు చూసి కేకేశాడు. కాసేపటికి పాలనా విభాగం అంతా వచ్చి చుట్టూ మూగింది. సాయంత్రానికల్లా సత్యవేణికి మెమో అందింది.

"తమ ఆధీనంలోని కంప్యూటరు భోజన విరామ సమయమున ఎట్టి పూర్వానుమతి లేకుండా, గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టరు వారితో సహా సమస్త పై అధికారులను అతిక్రమించి ఏడవ వెర్షనుకు ఎగబాకినందున, తమపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను."

సత్యవేణి అక్కడే నిలబడి జవాబు రాసిచ్చింది. "నేను గోంగూర పచ్చడితో అన్నం తింటున్నాను. కంప్యూటరు ఎగబాకుతున్న సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే కాలు పట్టుకుని కిందకు లాగి ఉండేదాన్ని."

సంజాయిషీ తృప్తికరంగా ఉందని ఆమెను వదిలేశారు. కంప్యూటరును మాత్రం వదల్లేదు. పంచుల సమక్షంలో దాన్ని ఏడు నుంచి ఆరుకు దించమని హిమజకు ఆజ్ఞ అయింది. ఆఫీసు మొత్తంలో దొంగలకు దొరకని కంప్యూటరు అదొక్కటే. తన చేతులతో దాని కన్నాలన్నీ మళ్లీ తెరిచి పెట్టాల్సివచ్చేసరికి హిమజకు కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. దక్షిణామూర్తి గారు అవి పశ్చాత్తాపం వల్ల వచ్చిన నీళ్లనుకుని ఓదార్చారు.

ఆ దెబ్బతో ఆమె పట్టుదలగా ఎండీ గారి గదికి వెళ్లింది. పైనుంచి రావాలి కదా, పైనుంచే మొదలుపెడదాం. ఎండీ గారి కంప్యూటరు మీద దసరాకు చేసిన ఆయుధపూజ నాటి పసుపు కుంకుమ అలాగే ఉంది. ఆయన సంతోషంగా కుర్చీ జరిపి, "కానివ్వమ్మా, నాకేం అభ్యంతరం లేదు," అన్నారు. హిమజ మీట మీద వేలు పెట్టింది. అదే క్షణంలో దక్షిణామూర్తి గారు పరుగున లోపలికొచ్చి, "ఆగు!" అన్నారు.

"ఎండీ గారి పైన చైర్మన్ గారున్నారు."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఇంకొకడుంటాడని ఊరికే అనలేదు. చైర్మన్ గారు ఎన్నికల తరవాత ఆ పదవిలోకి వచ్చిన పెద్దమనిషి. నెలకోసారి వచ్చి, తాటి తాండ్ర తిని, బాగుందని వెళతారు. ఆయనకు కంప్యూటరే లేదు.

"లేని కంప్యూటరు వెర్షనెంత?" అన్నారు ఎండీ గారు ఆసక్తిగా.

"సున్నా," అన్నారు దక్షిణామూర్తి గారు. అని, ఆ మాటకు తానే అదిరిపడ్డారు. చైర్మన్ గారిది సున్నా అయితే, ఇన్నేళ్లుగా ఆరో వెర్షన్ వాడుతున్న సంస్థ యావత్తూ అతిక్రమణలో ఉన్నట్టే. అటెండరు చేతిలో కాల్‌క్యులేటరు కూడా లెక్క ప్రకారం తిరుగుబాటే.

చైర్మన్ గారికి ఒక కంప్యూటరు కొంటే తీరిపోతుంది కదా అని హిమజ వాళ్లింటికి వెళ్లి బతిమాలింది. ఆయన మజ్జిగ ఇప్పించి, మెల్లగా చెప్పారు.

"నాకెందుకమ్మా కంప్యూటరు? మా పార్టీలో మా పెద్దాయనకే లేదు. ఆయన కంటే ముందు నేను కొని కూర్చుంటే బావుంటుందా? రేపెవరన్నా చూసి, ఈయనేంటి ఎక్కువైపోతున్నాడు అనుకోరూ?"

"ఆ పెద్దాయనకి కొందాం సార్!"

"ఆయన పైన ఢిల్లీలో ఇంకో పెద్దాయనున్నారు కదమ్మా. తాడెక్కేవాణ్ణి ఎంతవరకని ఎగదోస్తావు?"

హిమజ గోదావరి గట్టు మీద కాసేపు ఒంటరిగా కూర్చుంది. ఇంకొన్ని రోజుల్లో నెలాఖరు. అయిదేళ్లు చదివి తెచ్చుకున్న ఉద్యోగం, లేని కంప్యూటరు ఒకటి తన్నుకుపోతోంది. ఇంట్లో ఏమని చెప్పాలి? ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. నవ్వే ఎక్కువ వచ్చింది. అది చూసి పక్కన బజ్జీలు తింటున్న వాళ్లు కాస్త దూరం జరిగారు.

చివరికి దారి కనిపెట్టింది దక్షిణామూర్తి గారే. ఆయన ఒక రాత్రి నిద్రపోకుండా నిబంధనలు తిరగేసి, ఉద్యోగికి రాని ప్రమోషన్ కూడా వచ్చినట్టే భావించే వెసులుబాటు ఒకటి పట్టుకున్నారు. దాన్ని నోషనల్ అంటారు. చైర్మన్ గారికి ఒక కంప్యూటరు ఉన్నట్టు భావించి, అది ఏడో వెర్షన్‌కు మారినట్టు భావిస్తే సరి.

బ్రహ్మాండంగా ప్రారంభోత్సవం చేశారు. హాల్లో బల్ల వేసి తెల్లగుడ్డ పరిచారు. బల్ల మీద ఏమీ లేదు. దండ వేయడానికి కంప్యూటరు లేక బల్లకే వేశారు. కొబ్బరికాయ కొట్టారు. చైర్మన్ గారు బల్ల ముందు నిలబడి హిమజ వైపు చూశారు.

"ఎక్కడ నొక్కాలమ్మా?"

"ఎక్కడైనా ఫరవాలేదు సార్."

ఆయన గాల్లో వేలు పెట్టి నొక్కారు. చప్పట్లు మోగాయి. ఫొటో సరిగ్గా పడలేదని ఫొటోగ్రాఫరు ఇంకోసారి నొక్కమన్నాడు. దక్షిణామూర్తి గారు చేతులు అడ్డంపెట్టి ఒక్క దూకు దూకారు. "వద్దు! రెండోసారి నొక్కితే ఎనిమిది అవుతుంది. దానికి మంజూరు లేదు."

ఏసుపాదం ఊరుకుంటాడా? అక్కడికక్కడే మైకు అందుకున్నాడు. "ఆయ్, చైర్మన్ గారికి నోషనలిచ్చి, మా వర్కర్లకి ఇవ్వకపోతే ఎలాగండి? ఇస్తే అందరికీ ఇవ్వాలండి. వరసా లేదు, వాయీ లేదు. ఊహే కదండి!"

దక్షిణామూర్తి గారు ఆలోచించారు. ఊహకు సీనియారిటీ వర్తించదని, ఒకే ఊహ అందరికీ ఒకేసారి కలగడానికి చట్టంలో అడ్డంకి లేదని ఒప్పుకున్నారు. నెలాఖరు రోజు మధ్యాహ్నం ఉద్యోగులందరూ హాల్లో సమావేశమై, సామూహికంగా ఏడో వెర్షన్‌లోకి ప్రవేశించాలని నిర్ణయమైంది. ఆ సమయంలో కంప్యూటర్లు ఆన్‌లోనే ఉండాలి, లేకపోతే అవి గైర్హాజరైనట్టు భావించబడతాయని ఉత్తర్వులో ప్రత్యేకంగా రాశారు.

ఆ రోజు వచ్చింది. హాలు కిక్కిరిసిపోయింది. తాటిబెల్లం ఉండలు పంచుతున్నారు. దక్షిణామూర్తి గారు హిమజను పక్కకు పిలిచి ఒక ధ్రువపత్రం చేతిలో పెట్టారు. సంస్థలోని కంప్యూటర్లన్నీ ఏడో వెర్షన్‌కు మారినవని అందులో ఉంది. కింద ఆమె సంతకానికి ఖాళీ ఉంది.

"పెట్టెయ్యమ్మా. నీ ప్రొబేషన్ గట్టెక్కుతుంది."

హిమజ పెన్ను మూత తీసింది. సంతకం పెట్టకపోతే ఈ సాయంత్రమే ఇంటికి. పెడితే, దొంగ వచ్చిన రోజున ఇదే సంతకం చూపించి పంపిస్తారు. ఆమె తలెత్తింది.

"సార్, ఇప్పుడు కాగితం మీద అందరిదీ ఏడేనా?"

"ఏడే."

"ఎవరికన్నా ఎవరూ పైన లేరా?"

"ఉండే ప్రసక్తే లేదు."

"అయితే, ఏడున్నవాళ్లకి మళ్లీ ఏడే ఇస్తే తప్పేమన్నా ఉందా సార్?"

దక్షిణామూర్తి గారు జాలిగా నవ్వారు. "ఉన్నవాడికి ఉన్నదే ఇవ్వడానికి రూలెందుకమ్మా? పిచ్చిపిల్లా!"

హిమజ చేతిలో బెల్లం ఉండతో సహా మెట్లెక్కి తన గదికి పరుగెత్తింది. మీట నొక్కింది. కింద హాల్లో జనమంతా కళ్లు మూసుకుని కంప్యూటరు మారినట్టు భావిస్తూంటే, పైన కంప్యూటర్లన్నీ నిజంగానే మారిపోయాయి. వరసా లేదు, వాయీ లేదు. ఆమె కిందకు దిగి వచ్చి, ఇంతకుముందెన్నడూ పెట్టనంత అందంగా సంతకం పెట్టింది.

కానీ ప్రొబేషన్ ఫైలు వెంటనే కదల్లేదు. అదీ సీనియారిటీ వరసలోనే నడుస్తోందని చెప్పారు.

ఏప్రిల్‌లో దొంగలు వచ్చారు. ఒకరోజు పొద్దున్నే రాజధానిలో పై శాఖ కంప్యూటర్లన్నిటి తెరల మీదా తాళం బొమ్మ ప్రత్యక్షమైంది. ఆ శాఖ కింద ఉన్న సంస్థలన్నీ పేకమేడల్లా ఒకదాని వెనక ఒకటి పడిపోయాయి. తాటాఫీసు తలుపు దగ్గరికి కూడా దొంగలు వచ్చి, తోసి చూసి, కన్నం దొరక్క వెళ్లిపోయారు. ఆ జాడలు తెర మీద చూసి హిమజ కుర్చీలోంచి లేచి గంతులేసింది. సత్యవేణిని పట్టుకుని గిరగిర తిప్పింది. ఇంక తన కుర్చీని ఎవరూ కదపలేరనుకుంది.

అంతలో కబురొచ్చింది. ఎండీ గారి గదిలో అందరూ కొలువు తీరి ఉన్నారు. దక్షిణామూర్తి గారి ముఖం నల్లబడి ఉంది.

"పై శాఖ పడిపోయిందా?"

"పడిపోయింది సార్."

"మనం?"

"నిలబడ్డాం సార్!"

"ఎంత మాటన్నావు!" ఆయన కుర్చీలో కూలబడ్డారు. "పై కార్యాలయం మూతబడి ఉండగా కింది కార్యాలయం తెరుచుకుని కూర్చోవడమా? ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని, రేపు సెక్రటరీ గారు ముఖాన ఉమ్మరా? ఇంతటి అవిధేయతకు కారకురాలైన ఉద్యోగి ప్రొబేషన్ రద్దు చేయవలసినదిగా ఎండీ వారికి సిఫారసు చేస్తున్నాను."

హిమజ లెక్క చూసుకుంది. పని చేయకపోతే పోతుందన్న ఉద్యోగం, పని చేసినందుకు పోతోంది.

"పోనీ మనమూ కంప్యూటర్లు కట్టేస్తే సరిపోదా?" అన్నారు ఎండీ గారు.

"మనంతట మనం కట్టేస్తే అది సమ్మె అవుతుంది సార్. పైనుంచి రావలసింది పైనుంచే రావాలి. కాబట్టి సదరు వైరస్‌ను మన సంస్థకు కూడా సక్రమ మార్గంలో పంపవలసిందిగా పై శాఖకు విన్నవించుకుందాం. సాంకేతిక విషయం గనుక సిస్టమ్స్ అధికారే సంతకం చేయాలి. రాయమ్మా."

హిమజ పెన్ను తీసింది. కాగితం ముందుకు లాక్కుంది. ఇన్ని నెలలు ఈ మనుషుల మధ్య ఊరికే కూర్చోలేదామె.

"రాస్తాను సార్. కానీ ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు పై శాఖకి నేరుగా రాయకూడదు కదండి. రూలుంది."

దక్షిణామూర్తి గారు కళ్లు మూసుకుని నిబంధనలు మననం చేసుకున్నారు. ఉంది. ఆ రూలును ఏళ్ల కిందట రాసింది కూడా ఆయనే. ఓడిపోయినవాడి ముఖంతో కాక, తన శిష్యురాలు పాఠం అప్పజెప్పినప్పటి గురువు ముఖంతో కళ్లు తెరిచారు.

"ఎండీ వారూ, ఈ అమ్మాయిని ముందు పర్మనెంట్ చేయాలి. వేరే మార్గం లేదు."

అరగంటలో ఉత్తర్వు టైపై, ముద్రపడి, హిమజ చేతికి వచ్చింది. పర్మనెంట్ ఉద్యోగిగా ఆమె పెట్టిన మొట్టమొదటి సంతకం, తమ సంస్థకు వైరస్ మంజూరు చేయవలసిందని ప్రార్థించే విన్నపం కింద పడింది. గదిలోంచి బయటకు వచ్చి, మెట్ల మీద కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తరవాత ఇంటికి ఫోన్ చేసి, అమ్మ గొంతు వినగానే ఏడ్చేసింది.

పై శాఖ కంప్యూటర్లు బాగుపడ్డాక జవాబు వచ్చింది.

"తమ విన్నపం అందినది. వైరస్ కొరకు సంస్థల సీనియారిటీ జాబితా తయారగుచున్నది. మీ వంతు వచ్చునంతవరకు మీ కంప్యూటర్లు యథావిధిగా పనిచేయుచుండవలెను. ఇందులో ఎట్టి ఉపేక్షా సహింపబడదు."